మేడ మీద వైఫై ఫుల్, నెట్ మాత్రం నిల్: రెండో రౌటర్ పెట్టిన ఇళ్ళలో అసలు ఏం జరుగుతోంది?

ఈరోజు ఎపిసోడ్ ఇంట్లో రెండు రౌటర్లు ఉన్నవాళ్ళ కోసం. కింద హాల్లో నెట్ వాళ్ళు బిగించిన ఫైబర్ బాక్స్ ఒకటి ఉంటుంది. దాని సిగ్నల్ మేడ మీద గదికి అందదు. అందుకని అటక మీద పడున్న పాత రౌటర్‌ని దులిపి పైన పెట్టారు, మధ్యలో కేబుల్ లాగారు. ఫోన్ తీస్తే వైఫై గుర్తు నిండుగా ఉంది. కానీ వాట్సాప్‌లో మెసేజ్ పక్కన గడియారం గుర్తు అలాగే కూర్చుంది, కదలదు. లేదా పది నిమిషాలు బాగానే నడిచి, ఒక నిమిషం ఆగి, మళ్ళీ దానంతట అదే వస్తుంది. ఈ రెండో రకమే మనిషిని ఎక్కువ ఏడిపిస్తుంది.

ముందుగా ఒక మాట. ఫోన్‌లో కనిపించే ఆ సిగ్నల్ గీతలు ఇంటర్నెట్‌కి సంబంధించినవి కావు. మీ ఫోన్‌కీ, దగ్గర్లో ఉన్న ఆ డబ్బాకీ మధ్య రేడియో ఎంత బాగుందో అంతవరకే చెప్తాయి. ఆ డబ్బా వెనక కేబుల్ పీకేసినా గీతలు ఫుల్‌గానే ఉంటాయి. కావాలంటే ఇప్పుడే పీకి చూడండి. కాబట్టి "సిగ్నల్ ఫుల్ ఉంది, మరి నెట్ ఎందుకు రాదు" అనే ప్రశ్నలో వింత ఏమీ లేదు. ఫోన్ నుంచి డబ్బా వరకు దారి బాగుంది, డబ్బా నుంచి అవతలికి బాగాలేదు. బూస్టర్ కొనమని చెప్పేవాళ్ళు ఈ తేడా చూడకుండానే చెప్తుంటారు.

ఇంకో తేడా కూడా తెలియాలి. రౌటర్ అని మనం కొనే డబ్బాలో నిజానికి మూడు నాలుగు పనులు కలిసి ఉంటాయి. వైఫై ఇవ్వడం ఒకటి. వెనక నాలుగు కేబుల్ రంధ్రాలు ఉన్నాయి కదా, ఆ స్విచ్ పని ఒకటి. ఇంట్లో ప్రతి ఫోన్‌కీ ఒక ఐపీ నంబర్ పంచడం ఒకటి, దీన్నే డీహెచ్‌సీపీ అంటారు. ఇంటి నెట్‌వర్క్‌ని బయటి ఇంటర్నెట్‌తో కలపడం ఇంకొకటి, ఇదే అసలు రౌటింగ్. యాక్సెస్ పాయింట్ అంటే వీటిలో మొదటి రెండూ చేసి, మిగతా వాటి జోలికి పోనిది. ఇంట్లో నంబర్లు పంచే పెద్దమనిషి ఒక్కడే ఉండాలి. మేడ మీద పాత రౌటర్‌కి ఆ సంగతి మనం చెప్పలేదు. అది తనే ఇంటి పెద్ద అనుకుంటోంది. గొడవంతా అక్కడే.

ఇది ఫోన్‌తోనే ఎలా పట్టుకోవాలో చూద్దాం. ఆండ్రాయిడ్‌లో సెట్టింగ్స్, వైఫై, మీరు కనెక్ట్ అయిన పేరు పక్కన గేర్ గుర్తు నొక్కండి. ఐఫోన్‌లో అయితే పేరు పక్కన "ఐ" గుర్తు. కిందికి వెళ్తే ఐపీ అడ్రస్ అని ఒకటి, గేట్‌వే లేదా రౌటర్ అని ఒకటి కనిపిస్తాయి. మొబైల్ కంపెనీని బట్టి పేరు కొంచెం మారుతుంది. ఈ గేట్‌వే నంబర్ ముఖ్యం. మీ ఫోన్ బయటికి పంపే ప్రతిదాన్నీ ఎవరి చేతికిస్తోందో చెప్పే నంబర్ అది.

ముందు కింద ఫైబర్ బాక్స్ పక్కన నిలబడి, దాని వైఫైలో ఉండి చూడండి, స్క్రీన్‌షాట్ తీసుకోండి. చాలా ఇళ్ళలో 192.168.1.1 అని ఉంటుంది, జియో ఫైబర్ ఇళ్ళలో 192.168.29.1 ఉంటుంది. తర్వాత పైకి వెళ్ళి, పై రౌటర్ వైఫైకి మారి మళ్ళీ చూడండి.

ఇప్పుడు పోల్చండి. పైన గేట్‌వే వేరేగా ఉంటే, ఉదాహరణకి కింద 192.168.1.1, పైన 192.168.0.1 అని ఉంటే, పై రౌటర్ తన సొంత కొట్టు తెరిచిందని అర్థం. అసలు నంబరే రాకుండా "ఐపీ అడ్రస్ తీసుకుంటోంది" అని తిరుగుతూ ఉంటే, లేదా ఐఫోన్‌లో, ల్యాప్‌టాప్‌లో 169.254 తో మొదలయ్యే నంబర్ వస్తే, ఫోన్ నంబర్ కావాలని అరిచింది, ఎవరూ పలకలేదు. అలాంటప్పుడు ముందు కేబుల్‌ని అనుమానించండి. రెండు చోట్లా గేట్‌వే ఒకటే ఉండి కూడా నెట్ వస్తూ పోతూ ఉంటే, అది మూడో రకం. దాని గురించి కాసేపాగి చెప్తాను, అదే అసలు ముదురు కేసు.

మొదటి రకం ఎలా పుడుతుందో చూడండి. కింద బాక్స్ లాన్ పోర్ట్ నుంచి కేబుల్ తెచ్చి, పై రౌటర్ లాన్ పోర్ట్‌లో గుచ్చారు. రెండింట్లోనూ డీహెచ్‌సీపీ ఆన్‌లో ఉంది. ఫోన్ వైఫైలోకి రాగానే "నాకో నంబర్ ఇవ్వండి" అని ఇల్లంతా వినపడేలా అడుగుతుంది. ఇద్దరూ పలుకుతారు. సాధారణంగా ఎవరి జవాబు ముందొస్తే ఫోన్ దాన్నే పట్టుకుంటుంది. కింద బాక్స్ ముందు పలికిందా, నెట్ వచ్చింది. పై రౌటర్ ముందు పలికిందా, గేట్‌వే తనే అని చెప్తుంది, కానీ తన వాన్ పోర్ట్‌లో ఏ కేబులూ లేదు, ఇక నెట్ ఎక్కడి నుంచి వస్తుంది?

అంటే ఇది లాటరీ అన్నమాట. అన్నయ్య ఫోన్‌లో వస్తుంది, అమ్మ ఫోన్‌లో రాదు. వైఫై ఆపి ఆన్ చేస్తే ఒక్కోసారి వస్తుంది. ఇంట్లో అందరూ కలిసి "ఆ ఫోనే పాతదైపోయింది" అని తీర్మానించేస్తారు. పైగా రెండూ ఒకే నెట్‌వర్క్ కాబట్టి పై రౌటర్ పంచిన తప్పుడు నంబర్ కింద హాల్లో టీవీకి కూడా తగలొచ్చు. మేడ మీద రౌటర్ పెట్టిన వారం నుంచి కింద టీవీలో యూట్యూబ్ ఆగుతోందంటే, టీవీ తప్పేం లేదు, పైకి వెళ్ళి చూడండి.

ఇక ఆ మూడో రకం. దీనికి మా పిన్ని వాళ్ళ ఇల్లే ఉదాహరణ. విజయవాడలో పాత డాబా ఇల్లు, లావుపాటి గోడలు, పైన ఒక గది. మా చెల్లి ఆ గదిలో కూర్చుని రాత్రి షిఫ్ట్ చేస్తుంది, అవతల వాళ్ళది అమెరికా టైమ్. రోజూ కాల్ మధ్యలో రెండు మూడు సార్లు నెట్ పోతోంది. ఒక నిమిషం, మహా అయితే రెండు నిమిషాలు, మళ్ళీ వచ్చేస్తుంది. ఆ రెండు నిమిషాల్లోనే వాళ్ళ టీమ్ లీడ్ ఏదో అడగడం, ఈ అమ్మాయి మాయమైపోవడం. ఇలాగైతే ఆఫీసుకి రావాల్సి ఉంటుందని మెయిల్ పెట్టారు. ఆఫీసు అంటే హైదరాబాద్, హాస్టల్ ఖర్చు, ఇక్కడ పిన్ని ఒక్కతే. "ఒరే నాన్నా, నువ్వొచ్చి ఆ డబ్బా సంగతి చూడరా, దీన్ని పంపించాల్సొచ్చేలా ఉంది" అని ఫోన్ చేసింది పిన్ని.

అంతకుముందే ఒక టెక్నీషియన్ వచ్చి డీహెచ్‌సీపీ ఆఫ్ చేసి వెళ్ళాడు. అంటే సగం తెలిసినవాడే. గేట్‌వే చూస్తే పైనా 192.168.1.1, కిందా 192.168.1.1. చూడ్డానికి అంతా సవ్యంగానే ఉంది. అప్పుడు చెల్లిని ఒక పని చేయమన్నాను. ల్యాప్‌టాప్ బ్రౌజర్‌లో 192.168.1.1 కొట్టి చూడు, కాసేపాగి మళ్ళీ కొట్టు, అలా నాలుగైదు సార్లు. మొదటిసారి ఫైబర్ బాక్స్ లాగిన్ పేజీ వచ్చింది. మూడోసారికి రంగు మారింది. "అన్నయ్యా, ఇది వేరే కంపెనీ పేజీ కదా" అంది.

దొరికింది. పాత రౌటర్ సొంత ఐపీ కూడా 192.168.1.1 నే. ఒకే ఇంటి నంబర్‌తో ఒకే వీధిలో రెండు ఇళ్ళు ఉంటే పోస్ట్‌మ్యాన్ ఏం చేస్తాడు? ల్యాప్‌టాప్ "192.168.1.1 ఎవరు?" అని అప్పుడప్పుడూ అడుగుతూ ఉంటుంది, దీన్ని ఏఆర్‌పీ అంటారు. జవాబుగా వచ్చిన మ్యాక్ అడ్రస్‌ని కొంతసేపు గుర్తుపెట్టుకుంటుంది. కింద బాక్స్ మ్యాక్ గుర్తున్నంతసేపూ కాల్ బ్రహ్మాండంగా నడుస్తుంది. మళ్ళీ అడిగినప్పుడు పై రౌటర్ "నేనే" అందనుకోండి, అంతా దాని చేతికి వెళ్తుంది, దానికి బయటికి దారి లేదు. మళ్ళీ అడిగి కింద బాక్స్ పలికేదాకా నిశ్శబ్దం. పాడవని వస్తువేదీ పాడవకుండానే నెట్ వస్తూ పోతూ ఉంటుంది.

విండోస్ ల్యాప్‌టాప్ ఉంటే దీన్ని కళ్ళారా చూడొచ్చు. కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఏఆర్‌పీ, స్పేస్, మైనస్ ఏ అని కొట్టండి, ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో. 192.168.1.1 పక్కన ఒక పొడుగు అడ్రస్ వస్తుంది. నెట్ ఉన్నప్పుడు ఒకసారి, పోయినప్పుడు ఒకసారి చూడండి. అడ్రస్ మారిందా, ఇదే కేసు. ఆ అడ్రస్ ఏ డబ్బాదో దాని అడుగున స్టిక్కర్ మీద చూసుకోవచ్చు. స్టిక్కర్‌లో చివరి అంకె ఒకటి అటూ ఇటూ ఉండొచ్చు, దానికి కంగారు పడకండి.

సరే, సరిచేయడం. మీ పాత రౌటర్ సెట్టింగ్స్‌లో ఆపరేషన్ మోడ్ అనో, వర్కింగ్ మోడ్ అనో ఉండి, అందులో యాక్సెస్ పాయింట్ అనే ఆప్షన్ ఉంటే అదృష్టవంతులు. అది ఎంచుకుని సేవ్ చేస్తే డీహెచ్‌సీపీ గొడవ, ఐపీ గొడవ అదే చూసుకుంటుంది. చాలా పాత మోడళ్ళలో అది ఉండదు. అప్పుడు చేత్తో చేయాలి, ఇక్కడ వరస ముఖ్యం.

ముందు పై రౌటర్ నుంచి కింది కేబుల్ పీకేయండి. ఫోన్‌ని దాని వైఫైకి కలపండి. మొబైల్ డేటా ఆఫ్ చేయండి. ఇది చాలామంది మర్చిపోతారు. ఈ వైఫైలో నెట్ లేదని తెలియగానే ఫోన్ తెలివిగా మొబైల్ డేటా వైపు తిరుగుతుంది, అప్పుడు రౌటర్ పేజీ ఎంత కొట్టినా తెరుచుకోదు. "ఇంటర్నెట్ లేదు, అయినా కనెక్ట్ అయి ఉండాలా" అని అడిగితే అవును అనండి.

లాగిన్ అయ్యాక మొదట లాన్ సెట్టింగ్స్‌లో రౌటర్ సొంత ఐపీని మార్చండి. కింద బాక్స్ 192.168.1.1 అయితే దీనికి 192.168.1.2 ఇవ్వండి. కింద 192.168.29.1 అయితే దీనికి 192.168.29.2. చివరి భాగం తప్ప మిగతా మూడూ కింద బాక్స్‌తో కలవాలి. సేవ్ చేస్తే రౌటర్ రీస్టార్ట్ అవుతుంది. ఇప్పుడు ఫోన్ మళ్ళీ కలిపి, కొత్త నంబర్‌తో లాగిన్ అయి, అప్పుడు డీహెచ్‌సీపీ ఆఫ్ చేయండి. తిరగేసి ముందే డీహెచ్‌సీపీ ఆపేస్తే, రీస్టార్ట్ తర్వాత మీ ఫోన్‌కి నంబర్ ఇచ్చేవాళ్ళే ఉండరు, పేజీ తెరవడానికి ఫోన్‌లో స్టాటిక్ ఐపీ పెట్టుకుని తంటాలు పడాలి. ఆ తర్వాత కింది కేబుల్‌ని లాన్ పోర్ట్‌లో గుచ్చండి, వాన్ పోర్ట్‌లో కాదు. సాధారణంగా వేరే రంగులో, కాస్త ఎడంగా ఉండేది వాన్.

ఒక జాగ్రత్త. కింద బాక్స్ డీహెచ్‌సీపీ ఏ నంబర్ నుంచి ఏ నంబర్ వరకు పంచుతోందో చూడండి. 2 నుంచి 254 వరకు అని ఉంటే, రేపు అదే 2 ని ఎవరి ఫోన్‌కో ఇచ్చి మళ్ళీ అదే గొడవ తెస్తుంది. దాన్ని 10 నుంచి మొదలుపెట్టమని మార్చండి. చెల్లి వాళ్ళింట్లో చేసిందల్లా ఇంతే, ఐపీ మార్చడం, ఈ పరిధి సర్దడం. పావుగంట పని. ఆ రాత్రి కాల్ రెండున్నర గంటలు నడిచింది, ఒక్కసారి కూడా తెగలేదు.

వాన్ పోర్ట్‌లో గుచ్చితే నెట్ వస్తోంది కదా, మరి అలా వదిలేస్తే ఏం? అని అడగొచ్చు. వస్తుంది, చాలా ఇళ్ళలో అలాగే నడుస్తోంది. కానీ ఇంట్లో రెండు నెట్‌వర్క్‌లు తయారవుతాయి. మేడ మీద ఫోన్ నుంచి కింద టీవీకి కాస్ట్ కొడితే టీవీ కనపడదు. ప్రింటర్ దొరకదు. ఆన్‌లైన్ గేముల్లో స్నేహితులతో కనెక్షన్ సరిగా కుదరదు. పై గదిని అద్దెకిచ్చి, వాళ్ళకీ మనకీ మధ్య అడ్డుగోడ కావాలనుకుంటే మాత్రం ఇది కొంత పనికొస్తుంది. అయినా పూర్తి గోడ కాదు, పైవాళ్ళు కావాలంటే కింది నెట్‌వర్క్‌లోకి చేరగలరు.

కేబుల్ గురించి. లోపల ఎనిమిది తీగలు, నాలుగు జతలు. 100 ఎంబీపీఎస్ వరకు రెండు జతలు చాలు, గిగాబిట్‌కి నాలుగూ కావాలి. ఒక తీగ సరిగా నొక్కుకోకపోతే ఒక్కోసారి నెట్ ఆగదు, నిశ్శబ్దంగా 100 కి పడిపోతుంది. మీది 300 ఎంబీపీఎస్ ప్లాన్ అయ్యుండి, మేడ మీద ఎప్పుడు కొలిచినా 90 పైచిలుకు దగ్గరే ఆగుతోందంటే రెండు చూడండి. ఒకటి కేబుల్ కొనలు, రెండోది పాత రౌటర్ పోర్టులే 100 వి కావడం. రెండోదైతే కేబుల్ ఎన్నిసార్లు మార్చినా లాభం లేదు. చౌక కేబుళ్ళలో రాగికి బదులు అల్యూమినియం తీగ మీద రాగి పూత ఉంటుంది, అది వంచినచోట విరుగుతుంది. గోడలోపల వేసే కేబుల్ దగ్గర మాత్రం పీనాసితనం వద్దు, మళ్ళీ గోడ పగలగొట్టలేం కదా. కరెంటు వైర్ల పైపులోనే దీన్నీ తోసేస్తామంటే ఎలక్ట్రీషియన్‌కి వద్దని చెప్పండి.

ఇంకోటి, రెండు డబ్బాల మధ్య ఖాళీగా ఇంకో కేబుల్ ఉంది కదా అని దాన్నీ రెండు చివర్లా గుచ్చకండి. స్పీడు రెట్టింపు కాదు. ఒకే మెసేజ్ గుండ్రంగా తిరుగుతూ, పెరుగుతూ, కొన్ని సెకన్లలో ఇంట్లో నెట్ మొత్తం స్తంభించిపోతుంది. అన్ని లైట్లూ పిచ్చిగా ఒకేలా మెరుస్తుంటే ఇదే.

కరెంటు పోయి వచ్చాక మాత్రమే ఇబ్బంది వస్తోందా? పై రౌటర్ నిమిషంలో లేచేస్తుంది. కింద ఫైబర్ బాక్స్ లేచి, అవతలి వాళ్ళతో మాట్లాడి సిద్ధమయ్యేసరికి ఇంకా ఆలస్యం అవుతుంది. ఈలోపు మీ ఫోన్ పై వైఫైకి కలిసి, నంబర్ అడిగి, జవాబు రాక అలిగి కూర్చుంటుంది. ఫోన్‌లో వైఫై ఒకసారి ఆపి ఆన్ చేస్తే చాలు. అసలు రెండు డబ్బాలూ ఇన్వర్టర్ లైన్ మీద ఉన్నాయో లేదో చూసుకోండి. కిందది ఉండి పైది లేని ఇళ్ళు ఎన్నో. అలాగే పాత రౌటర్‌కి అసలు అడాప్టర్ పోయి వేరేది తగిలించి ఉంటే, దాని మీద రాసిన వోల్టులు సరిపోవాలి, ఆంపియర్లు తక్కువ కాకూడదు. 1 ఆంపియర్ అడిగే రౌటర్‌కి అర ఆంపియర్ అడాప్టర్ పెడితే ఖాళీగా ఉన్నప్పుడు బాగానే ఉంటుంది, నలుగురు వీడియో పెట్టగానే రీస్టార్ట్ అవుతుంది. సెట్టింగ్స్ పేజీలో అప్‌టైమ్ అని ఉంటుంది, నిన్న ఆన్ చేసిన రౌటర్ ఇరవై నిమిషాలే అని చూపిస్తే దొంగ దొరికినట్టే.

రేడియో సంగతి త్వరగా చెప్పేస్తాను. 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదానికొకటి తగలని ఛానెళ్ళు 1, 6, 11 మాత్రమే. కిందది 1 లో ఉంటే పైది 6 లోనో 11 లోనో పెట్టండి, వెడల్పు 20 మెగాహెర్ట్జ్ చాలు. 5 గిగాహెర్ట్జ్ వేగం ఎక్కువ, గోడ దాటడం తక్కువ. అందులో 36 నుంచి 48 వరకు ఉన్న ఛానెళ్ళతో తలనొప్పి తక్కువ. 52 నుంచి 144 వరకు ఉన్న ఛానెళ్ళలో రాడార్ ఉందేమోనని రౌటర్ ముందు కనీసం 60 సెకన్లు చెవి పెట్టి వినాలి, వినపడితే వెంటనే ఖాళీ చేయాలి. ఆన్ చేసిన నిమిషం దాకా 5 గిగాహెర్ట్జ్ పేరు కనపడకపోవడానికి అదొక కారణం. కొత్తగా డబ్ల్యూపీఏ3 ఒక్కటే పెట్టారంటే పాత ఫోన్లు కలవవు, డబ్ల్యూపీఏ2 తో కలిపి ఉన్న ఆప్షన్ ఎంచుకోండి.

చివరిగా, కింద నుంచి పైకి నడిస్తే ఫోన్ దానంతట అదే మారాలంటే రెండింటికీ ఒకే పేరు, ఒకే పాస్‌వర్డ్, ఒకే సెక్యూరిటీ ఉండాలి. అప్పుడు కూడా మారాలా వద్దా అని నిర్ణయించేది ఫోనే, రౌటర్ కాదు. ఐఫోన్ అయితే సిగ్నల్ మైనస్ 70 డీబీఎం కంటే దిగజారితేనే వేరేదాన్ని వెతకడం మొదలుపెడుతుంది. అందుకే కొన్ని ఫోన్లు మేడ ఎక్కినా కింద రౌటర్‌నే పట్టుకుని వేలాడతాయి. ఆప్షన్ ఉంటే కింది దానిలో 2.4 గిగాహెర్ట్జ్ పవర్‌ని మీడియంకి తగ్గించండి, తొందరగా వదిలేస్తుంది. పరీక్ష చేసే రోజుల్లో మాత్రం రెండు పేర్లు వేరుగా పెట్టుకోండి, మీరు దేనికి కలిసి ఉన్నారో మీకు తెలియాలి కదా. అన్నీ కుదిరాక ఒకే పేరు చేసుకోవచ్చు.

మీ గేట్‌వే స్క్రీన్‌షాట్లు, పైది ఒకటి కిందది ఒకటి, పక్కపక్కన పెట్టుకుని ఈ ఎపిసోడ్ ఇంకోసారి నడిపించండి. వచ్చే ఎపిసోడ్‌లో మెష్ సిస్టమ్ కొనాలా, పాత రౌటరే చాలా అన్నది చూద్దాం. ఉంటాను మరి.